ఎవరి లవంగం?

సర్వీసులో ఎన్ని వేల పళ్లు పీకానని అడిగితే చెప్పలేను. ఒకే పంటికి ఒకదాని తరువాత ఒకటిగా నాలుగు కడ్డీలు పెట్టిన సంగతి మాత్రం ఎవరూ అడగకపోయినా చెప్తాను. మా ఇంట్లోవాళ్లు వినీ వినీ విసిగిపోయి, నేను మొదలుపెట్టగానే లేచి వంటింట్లోకి పోతారు. అందుకని ఈసారి మీకు రాస్తున్నాను. మీరంటే, కొత్తగా పళ్ల డాక్టర్లయి గోడకు పట్టా తగిలించుకొని కూర్చున్నవాళ్లు. దీంట్లో మీరు నేర్చుకోవలసింది ఏదో ఉంది. అదేమిటో నాకే ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

కర్నూలు, కడప మధ్య తిరిగి తిరిగి నేను చివరికి చేరింది ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రికి. దాని పేరు చెప్పను. అక్కడ జరిగిన తప్పు ఏదైనా ఉంటే అది నాది, ఆసుపత్రిది కాదు. పళ్ల విభాగంలో మేం ముగ్గురం. నేను, కడప వైపు నుంచి కొత్తగా వచ్చిన జూనియర్ డాక్టరమ్మ, ఇరవై ఏళ్లుగా కాంట్రాక్టు మీదనే పనిచేస్తున్న అటెండరు. ఆయన్ను అందరం భాయ్ అనేవాళ్లం.

ఒకరోజు పొద్దున, వరండాలో జనం నిండిపోయి ఉన్నప్పుడు, నలభై దాటిన మనిషి ఒకాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నా ముందుకు వచ్చాడు.

"ఏమైందప్పా?"

"పన్ను ఇరిగిపాయ సార్," అన్నాడు చెయ్యి వెనక నుంచే.

"చెయ్యి తీస్తే గదా నేను చూసేది!"

తీశాడు. పై వరసలో ముందు పన్ను చిగురు దాకా విరిగిపోయి ఉంది. ఆయనది ఓర్వకల్లు దగ్గర ఒక పల్లె. పెండ్లిళ్ల బ్యాండు మేళంలో క్లారినెట్టు వాయిస్తాడు. ఎట్లా విరిగిందని అడిగాను.

"ఊరేగింపులో పెండ్లికొడుకు బామ్మర్ది ఎగురుతా ఎగురుతా మోచెయ్యి ఇసిరె సార్. అది క్లారినెట్టుకు తగిలె. క్లారినెట్టు నా పంటికి తగిలె."

"మరి బామ్మర్దికి?"

"ఆయప్పకేం గాలేదు సార్. ఇంగా ఎగర్తానే ఉండె."

క్లారినెట్టు మొనను పై పళ్ల కింద ఆనించి ఊదాలట. పన్ను లేనిచోట పెదవి ఆనించి చూశాడట గానీ, పాట కీచుమంటోందట. అది మూఢం కాలం. పెండ్లిళ్లు లేవు కాబట్టి మేళానికీ పని లేదు. మూఢం పోయి మొదటి ముహూర్తం వచ్చేలోపల పన్ను కావాలి. లేకపోతే మేళం మాస్టరు క్లారినెట్టు తీసేసి కీబోర్డు పెట్టుకుంటాడట. ఆయనకు చేతనైన పని అదొక్కటే. వాళ్ల నాయన కూడా అదే మేళంలో వాయించాడట.

ఇదంతా ఆయన చెప్తుండగా నేను నోట్లోకి అద్దం పెట్టి వంగాను. బీడీ వాసన, దాని కింద కుళ్లిన పంటి వాసన, రెండూ కలిసి ముఖాన కొట్టాయి. పొద్దుటి నుంచి ముప్పై నోళ్లు చూసి ఉన్నాను, మనిషినా ముందే కోపిష్టిని. మాస్కు ఉంది కదా అని నోరు మూసుకోవచ్చు. మూసుకోలేదు.

"ఏందప్పా ఈ కంపు! ఇంత కంపు నోరు పెట్టుకొని వస్తే నేనెట్ల చూడల్ల? మనుషుల కాడికి వచ్చేటప్పుడు నోరు శుభ్రం చేసుకోని రావద్దా?"

వరండాలో వరసలో నిలబడ్డవాళ్లు నవ్వారు. ఆయన "తప్పయిపాయ సార్" అన్నాడు. తరువాతి పేషెంటు కుర్చీలో కూర్చునేసరికి నేను ఆ మాట మరచిపోయాను.

ఇక కడ్డీ సంగతి. పంటి నరం తీసి, వేరు లోపలి గొట్టాన్ని శుభ్రం చేసి నింపడం మామూలు పనే. అయితే పైన పన్నే లేకపోతే క్యాపు దేన్ని పట్టుకొని నిలబడాలి? అందుకని వేరులోకి ఒక కడ్డీ దించి, సిమెంటుతో అతికించి, దాని మీద మొద్దు కట్టి, ఆ మొద్దు మీద క్యాపు వేస్తాం. నా కాలంలో ఆ కడ్డీ లోహంతో పోత పోయించేవాళ్లం. నాకు అదే చేతికి అలవాటు. మా డాక్టరమ్మ ఒప్పుకోలేదు.

"లోహం వంగదు సార్. మళ్లీ దెబ్బ తగిల్తే వేరునే చీలుస్తాది. ఫైబర్ పోస్టయితే పంటితో పాటు తనూ రొంత వంగుతాది. పోతే కడ్డీ పోతాది, వేరన్నా మిగుల్తాది."

ఆమె చెప్పింది నిజమే. నాకూ తెలుసు. తెలిసినా ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆమే కర్నూలు పోయి ఒక డబ్బా తెచ్చింది. అగ్గిపుల్లలో సగం లావు లేని తెల్లటి పుల్లలు. భాయ్ ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొత్త పోస్టులు వచ్చినాయంట గదా సార్. పర్మనెంటా, కాంట్రాక్టా?"

"పర్మనెంటే భాయ్."

"చూస్తాం సార్," అన్నాడు భాయ్.

క్లారినెట్టాయన అనుమానం ఇంకొకటి. "ఫైబరా సార్? మా ఇంట్లో బాత్రూము తలుపు ఫైబర్దే సార్. రెండేండ్లకే ఊడి చేతికొచ్చె." అది వేరు ఇది వేరు అని నేనూ డాక్టరమ్మా చెరొక పక్క నుంచి చెప్పాం. తల ఊపాడు గానీ, నమ్మినట్టు కనిపించలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మా గది తలుపు తీస్తేనే లవంగం వాసన కొట్టేది. పంటిని తాత్కాలికంగా మూసే తెల్లటి ముద్దను లవంగ నూనె కలిపే నూరతాం. నొప్పికీ అదే, పూడ్చడానికీ అదే. నేను ఇంటికి పోతే మా ఆవిడ "బిర్యానీ వచ్చింది" అనేది. ముప్పై ఏళ్లు ఆ వాసనలోనే ఉన్నవాడికి లవంగం వాసన ముక్కుకు ఎక్కదు. ఇది గుర్తుపెట్టుకోండి.

మొదటి కడ్డీ నేనే పెట్టాను. వేరు కడిగి, ఆరబెట్టి, సిమెంటు పూసి, కడ్డీ దించి, సిమెంటు గట్టిపడడానికి నీలి వెలుగు వేసి, పైన మొద్దు కట్టి, తాత్కాలికంగా ఒక క్యాపు పెట్టాను. ఎక్సరే బ్రహ్మాండంగా వచ్చింది. దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి డాక్టరమ్మకు చూపించాను కూడా, నీకంటే నేనేం తక్కువ అన్నట్టు.

వారానికి క్యాపూ కడ్డీ కలిసి ఊడి వచ్చాయి. జొన్నరొట్టె కొరికాడట. వాటిని కాగితంలో పొట్లం కట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నోటికి చెయ్యి అడ్డం.

"రొట్టె ఎవరు కొరకమన్నారప్పా ముందు పంటితో?" అని విసుక్కున్నాను.

"మెత్తగా నానబెట్టుకొని తింటి సార్."

రెండోసారి డాక్టరమ్మ పెట్టింది. నా చెయ్యి ముసలిదైపోయిందని ఆమె అనలేదు గానీ, మొహం మీద అదే రాసి ఉంది. రబ్బరు తెర కట్టింది. వేరు లోపలికి సన్నటి కాగితపు పుల్లలు పంపి తడి పూర్తిగా తీసింది. నేను పక్కన నిలబడి తప్పు దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు. పది రోజులకు అదీ ఊడింది. నిజం చెప్తున్నాను, ఊడిందని వినగానే నాకు కొంచెం సంతోషం కలిగింది. ఆ వెంటనే సిగ్గేసింది.

ఊడిన కడ్డీని ఆమె వేలితో తడిమింది. "సార్, ఇది చూడండి. సిమెంటు గట్టిపడనేలేదు. జిగురు జిగురుగా ఉండాది."

అక్కడి నుంచి మాకు పిచ్చెక్కింది. సిమెంటు పాతబడిందా అంటే, డబ్బా మీద గడువు ఇంకా ఉంది. నీలి వెలుగు తగ్గిందా అంటే, అదే వెలుగుతో అదే రోజు వేసిన మిగతా ఫిల్లింగులన్నీ రాయిలా ఉన్నాయి. అదే డబ్బాలో కడ్డీ, అదే సిమెంటు, ఇంకో పేషెంటుకు పెడితే నిక్షేపంగా నిలబడింది. ఈయన దగ్గరే ఎందుకు ఊడుతోంది? నోట్లో ఏదైనా వేరే రకం లాలాజలం ఉందా? ఊదడం వల్లనా? మూఢంలో ఊదడమే లేదు కదా! డాక్టరమ్మ పుస్తకాలు తెచ్చి బల్ల మీద పరిచింది. ఒక పుస్తకం ఒకటి చెప్తే, ఇంకో పుస్తకం దానికి అడ్డంగా చెప్పింది. అవి చదివాక మాకు అంతకు ముందు తెలిసింది కూడా తెలియకుండా పోయింది.

భాయ్ ఒక్కడే నిమ్మళంగా ఉన్నాడు.

"మూఢంలో పెడ్తాండారు గదా సార్, యాడ నిలబడ్తాది?"

"నీకెందుకయ్యా మూఢం? మీకు అట్లాంటివి ఉండవు గదా!"

"మాకు లేదు సార్. పంటికి ఉంటాదేమో."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే, ఆ గదిలో అప్పటిదాకా వచ్చిన కారణాలన్నిట్లో ఒక్కదానికే ఎదురు చెప్పలేకపోయాం, అది భాయ్ చెప్పింది.

మూడోసారి కొత్త సిమెంటు తెప్పించి, ఇద్దరం కలిసి పెట్టాం. ఒకరు పట్టుకుంటే ఒకరు పూశారు. ఇంకో నాలుగు రోజుల్లో మూఢం పోతుంది. కుర్చీలోంచి లేస్తూ ఆయన చెయ్యి మళ్లీ నోటి మీదికి పోయింది. "సార్, ఈసారి ఊడదు గదా సార్? మాస్టరు ఇప్పుడే కీబోర్డాయన్ను చూసిపెట్టుకున్యాడు" అన్నాడు. ఊడదు పో అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

మూఢం పోయాక మొదటి ముహూర్తానికే మా ఆసుపత్రి గుమాస్తా కూతురి పెండ్లి వచ్చింది. బేతంచెర్లలో కల్యాణ మండపం. పొద్దున పది గంటల ముహూర్తం. నేను పట్టుపంచె కట్టుకొని పోయాను. గుమ్మం దగ్గర ఎర్రకోట్లు వేసుకొని నిలబడ్డ మేళంలో మా క్లారినెట్టాయన! నన్ను చూసి కళ్లతోనే నవ్వి, క్లారినెట్టు ఎత్తాడు. నేను లోపలికి పోకుండా అక్కడే నిలబడి విన్నాను. ఆ పాట ఏదో నాకు తెలియదు, సంగీతం నాకు రాదు. కానీ ఆ గొంతు ఎంత తేటగా ఉందో! దీనికోసమా ఈ మనిషి ఇన్నిసార్లు నా దగ్గరికి తిరిగింది అనుకున్నాను. నాకు గొప్పగా కూడా అనిపించింది, ఆ పంటిలో నా కడ్డీ ఉంది కదా అని.

పెండ్లికొడుకు కారు దిగాడు. మేళం జోరు ఎక్కింది. పాట మధ్యలో క్లారినెట్టు ఒక్కసారి కీచుమని ఆగిపోయింది. డోలువాళ్లు కొడుతూనే ఉన్నారు. ఆ మోతలో కూడా నాకు చిన్న చప్పుడు వినిపించింది, లేదా వినిపించిందని అనుకుంటున్నాను. బేతంచెర్లలో మండపం నేల ఎట్లా ఉంటుందో చెప్పాలా? అద్దంలా పాలిష్ పట్టిన రాతిబండలు. పన్ను ఆ బండల మీద జారి, ఎవరి కాళ్ల మధ్యనుంచో కుర్చీల కిందికి పోయింది.

ఆయన క్లారినెట్టు చంకలో పెట్టుకొని మోకాళ్ల మీద కూలబడ్డాడు. నేనూ కూలబడ్డాను. పట్టుపంచె, ఉత్తరీయం అన్నీ అట్లాగే ఉండగా, ఇద్దరం కుర్చీల కింద దేవులాడాం. ఎవరో పెద్దాయన "ఏం పోయిందప్పా, ఉంగరమా?" అని అడిగాడు. "పన్ను" అన్నాను. ఆయన కాళ్లు పైకి ఎత్తుకున్నాడు.

ఒక కుర్చీ కింద మా ఇద్దరి తలలూ దగ్గరికి వచ్చాయి. ఆయన రెండు చేతులూ నేల మీద ఉన్నాయి. నోటికి అడ్డం చెయ్యి లేదు.

"మళ్లా ఊడిపాయ సార్," అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

గుప్పుమని లవంగం వాసన. ఆసుపత్రి కాదు, మా గది కాదు, బేతంచెర్ల కల్యాణ మండపం. ఇక్కడ లవంగం వాసన ఎక్కడిది?

"లవంగం నమిల్తాండావా?"

"బుగ్గన పెట్టుకుంటా సార్. ఇంట్లోంచి కాలు బయట పెడ్తే బుగ్గన లవంగం ఉండల్ల."

"ఎప్పటి నుంచి?"

ఆయన తల దించుకున్నాడు. "మీ కాడికి వచ్చినప్పటి నుంచి సార్. మీరు ఆ పొద్దు కంపు అంటిరి గదా. పన్ను ఊడినప్పుడల్లా ఆ బొక్కలో లవంగ నూనె పోసి, దూది కుక్కి, రెండు దినాలు అట్లనే పెట్టుకోని మీ కాడికి వస్తాంటి. వాసన రాకూడదని."

"నాకు చెప్పొద్దా!"

"మీ రూములో గూడా అదే వాసన గదా సార్. డాక్టర్లకు ఆ వాసనంటే ఇష్టమేమో అనుకుంటి."

నేను కుర్చీ కిందే కూర్చుండిపోయాను. లవంగ నూనెకూ ఈ కొత్తరకం సిమెంటుకూ పడదు. నూనె ఇంకిన చోట సిమెంటు గట్టిపడవలసినంత గట్టిపడదంటారు. ఇది మొదటి పాఠాల్లోనే చెప్తారు. నేనూ చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా తెచ్చుకున్నాను. రెండు దినాలు లవంగ నూనెలో నానిన వేరులో నేనూ డాక్టరమ్మా కలిసి రెండు కడ్డీలు పాతాం! ఆయన నూనె పోశాడు, ఆ నూనె పోయించింది నా నోరు.

పన్ను దొరికింది. గుమ్మం పక్కన చెప్పుల మధ్య ఉంది. మేళం మాస్టరు వచ్చి, నన్ను డాక్టరని ఎరగక, "ఇంగ సాలప్పా నీ క్లారినెట్టు, పై ముహూర్తానికి కీబోర్డాయన్ను పిలుస్తా" అన్నాడు ఆయనతో. నేను లేచి పంచె దులుపుకొని, తప్పు ఈయనది కాదు, నాది, పై ముహూర్తానికి ఈయనే వస్తాడు, పన్ను ఊడితే నన్ను అడుగు అన్నాను. మాస్టరు నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు గూడా వాయిస్తావా?" అన్నాడు. తరువాత ఒక్క అవకాశం ఇస్తానన్నాడు.

పై ముహూర్తానికి తొమ్మిది రోజులుంది. వారం దాకా లవంగం పేరు ఎత్తవద్దన్నాను. "కంపు కొడ్తాదేమో సార్" అన్నాడు. "కొట్టనీ" అన్నాను. వారానికి ఆయన వచ్చి కుర్చీలో కూర్చొని, నోరు తెరవడానికి సిగ్గుపడి పెదవులు బిగించుకున్నాడు. నేను మాస్కు కిందికి లాగి, దగ్గరగా వంగి, తెరవప్పా అన్నాను. వాసన ఉంది. మనిషి నోటికి ఉండేంత ఉంది.

ఈసారి వేరు గోడల్ని కొత్తగా గీకి, స్పిరిటుతో మళ్లీ మళ్లీ కడిగాం. అంతటితో ఊరుకున్నామా? భయం కొద్దీ అన్నీ చేశాం. చిగురు కాస్త కోసి, క్యాపు పట్టుకోవడానికి పంటి అంచు ఎక్కువ దొరికేటట్టు చేశాం. కడ్డీ లావుది వేశాం. తాత్కాలికంగా మూసే ముద్దను కూడా లవంగ నూనె లేనిదాన్ని డాక్టరమ్మ తెచ్చింది. అది తెచ్చినప్పుడే ఆమె నా వైపు ఒకరకంగా చూసి, "సార్, మొదటి కడ్డీకి ముందు మనం పెట్టిన ముద్దలోనూ లవంగ నూనే గదా" అంది. అవును కదా! ఆయన దూది పెట్టుకోకముందే మేం పూసి పంపాం. వేరు పూడ్చిన మందులోనూ అదే ఉంది. మరి మిగతా పేషెంట్లకు కూడా అదే పూశాం, వాళ్లవి ఎందుకు నిలబడ్డాయి? కొంచెమైతే కడిగితే పోతుందని కొందరు డాక్టర్లంటారు, పోదని కొందరంటారు. పాడుచేసింది ఎవరి లవంగం? ఆయనదా, నాదా?

నాలుగో కడ్డీ నిలబడింది. ఆ ముహూర్తానికి ఆయన వాయించాడు, ఆ తరువాతి ముహూర్తాలకూ వాయించాడు. కీబోర్డు రాలేదు. ఎందుకు నిలబడిందని మీరు అడిగితే, ఒకేసారి అన్నీ మార్చినవాడికి ఏది పనిచేసిందో ఎట్లా తెలుస్తుంది? డాక్టరమ్మ చిగురు కోయడం వల్లే అంటుంది. నేను లవంగం అంటాను. భాయ్‌కి మాత్రం ఏ అనుమానమూ లేదు. "మూఢం పాయ, పోస్టు పర్మనెంటాయ" అని వచ్చిన ప్రతి పేషెంటుకూ చెప్పేవాడు.

మూడేళ్లకు నేను రిటైరయ్యాను. ఆసుపత్రి వరండాలో దండలు వేశారు. ఎవరు పిలిచారో తెలియదు, ఆయన ఎర్రకోటు వేసుకొని క్లారినెట్టుతో వచ్చి వాయించాడు. ఎక్కడా కీచుమనలేదు. వాయించడం అయ్యాక దగ్గరికి పిలిచి, నోరు తెరిపించి, వేలితో పన్ను కదిలించి చూశాను. కదల్లేదు. ఇంతకంటే ఏం కావాలి నాకు అనుకున్నాను.

"ఎట్లుండావప్పా?" అన్నాను.

"బాగుండా సార్, మీ దయ," అన్నాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, రెండడుగులు వెనక్కి జరిగి.

మాది పొలాలున్న ఇల్లు. చిన్నప్పుడు మా నాయన వరండాలో కుర్చీ వేసుకొని కూర్చుంటే, పనికి వచ్చేవాళ్లు మెట్ల కింద నిలబడి అట్లాగే మాట్లాడేవాళ్లు, తమ ఊపిరి ఆయనకు తగులుతుందేమో అన్నట్టు. నాకు అది అసహ్యంగా ఉండేది. నేను డాక్టరునైతే నా ముందు ఎవరూ అట్లా నిలబడకూడదని అనుకున్నాను కూడా. ఈయన మొదటి రోజు అదే చెయ్యితో వస్తే, పన్ను విరిగిన సిగ్గు అనుకున్నాను. తరువాత వాసన భయం అనుకున్నాను. ఇప్పుడు పన్ను ఉంది, వాసన లేదు. మరి ఈ చెయ్యి దేనికి? ఎప్పటిదో పాతదా, లేక ఆ రోజు నేను పెట్టించిందా? నాకు అర్థం కాలేదు.

"చెయ్యి తియ్యప్పా," అన్నాను.

తీశాడు. నిండుగా నవ్వాడు. పై వరసలో నా పన్ను మిగతా పళ్లలో కలిసిపోయి కనిపించింది.

"పోయొస్తా సార్," అనబోయాడు. ఆ మాట మొదలవుతుండగానే చెయ్యి దానంతటదే నోటి మీదికి వచ్చింది.